ఇటుకల చప్టాలో డ్రైనేజీ క్లీనౌట్: కంటికి కనబడకుండా, చేతికి అందేలా (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఇంటి ముందూ పెరట్లోనూ సిమెంటు చప్టాకు బదులు ఇటుకలు పరిపించుకునే వాళ్ళు నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు బాగానే ఉన్నారు. చూడ్డానికి బాగుంటుంది, వాన నీళ్ళు కొంత ఇంకుతాయి, కుంగిన చోట నాలుగు ఇటుకలు తీసి మళ్ళీ పెట్టుకోవచ్చు. చిక్కల్లా మధ్యలో తేలే డ్రైనేజీ మూతతోనే. "అది అసహ్యంగా ఉంది, దాని మీదుగా పరిచేయండి" అన్న మాట పని జరిగే రోజున చాలా ఇళ్ళల్లో వినబడుతుంది. ఆ మాట అనే ముందు ఈ పేజీ చదవండి. మూతను చక్కగా దాచవచ్చు. కాకపోతే అర్ధరాత్రి వానలో కూడా ఒక్క మనిషి, గడ్డపార లేకుండా, అయిదు నిమిషాల్లో తెరవగలిగేలా దాచాలి. కింద చెప్పిన పద్ధతులన్నిటికీ మేం పెట్టుకున్న కొలమానం అదే.

మా ఇంట్లో ఉన్నది క్లీనౌటా, ఛాంబరా? తేడా ఏమిటి?

నేల మీద 4 అంగుళాల గుండ్రటి పైపు మూతి, దానికి మరలు తిప్పే ప్లగ్ కనబడితే అది క్లీనౌట్. మన ప్లంబర్లు క్లీనింగ్ పైపు అంటారు. లోపల పడుకుని ఉన్న డ్రైనేజీ లైనులోంచి 'వై' ఫిట్టింగుతోనో 'టీ'తోనో పైకి తెచ్చిన కొమ్మ అది. అడుగున్నర, రెండడుగుల చదరంలో ఇటుకతో కట్టి, లోపల నున్నగా పూసి, పైన మూత పెట్టింది ఛాంబర్. పాత ఇళ్ళల్లో ఛాంబర్లే ఎక్కువ. పీవీసీ పైపులు వచ్చాక కట్టిన ఇళ్ళల్లో రెండూ ఉంటాయి.

దాచే పద్ధతి ఈ రెంటికీ వేరు కాబట్టి ముందు మీది ఏదో తేల్చుకోండి. గచ్చు పక్కన గోడను ఆనుకుని జాలీ మూతతో చిన్న గుంటలాంటిది ఉంటే అది గల్లీ ట్రాప్. దాన్ని మాత్రం దాచకండి. వంటింటి నీళ్ళలో వచ్చే చెత్త అక్కడే ఆగుతుంది, వారానికోసారైనా దాన్ని చూడాల్సిందే.

ఎప్పుడో గాని తెరవం కదా, ఇటుకలు పరిచేస్తే నష్టమేంటి?

లైను మూసుకుపోయినప్పుడు మురుగు ఎక్కడికీ పోలేక వెనక్కి తంతుంది. ఇంట్లో అన్నిటికన్నా పల్లంగా ఉన్న మూతి ఏదో వెతుక్కుని అక్కడ పైకి వస్తుంది. మామూలుగా అది కింది అంతస్తు బాత్రూంలోని జాలీ. అప్పుడు ప్లంబర్ వచ్చి అడిగే మొదటి ప్రశ్న "ఛాంబర్ ఎక్కడుంది?" అని. మీకు తెలియకపోతే అతను అంచనాతో తవ్వుతాడు. ఒకచోట దొరక్కపోతే ఇంకోచోట తవ్వుతాడు. గంటలో అయిపోయే పని రెండు రోజులకు సాగుతుంది, చప్టా అతుకుల బొంత అవుతుంది.

రెండో నష్టం పైకి కనబడదు. పైపు మూతి మీద నేరుగా ఇటుకలు కూర్చోబెడితే చప్టా మీద పడే బరువంతా ఆ నిలువు పైపు మీదుగా కింది ఫిట్టింగు మీదికి దిగుతుంది. స్కూటర్ రోజూ ఎక్కీ దిగీ చేస్తుంటే కొన్నాళ్ళకు ఆ 'వై' దగ్గర బీట పడుతుంది. మురుగు మట్టిలోకి కారుతుంది, మట్టి లోపలికి జారుతుంది, అక్కడే చప్టా కుంగుతుంది. అందుకే ఏ పద్ధతిలో దాచినా మూత బరువు పైపు మీద పడకూడదు.

ఒక్క 4 అంగుళాల పైపే ఉంది. దీన్ని ఎలా దాచాలి?

దీనికి ఖరీదైన మూత అవసరం లేదు. ఇటుక, కడప బండ ముక్క, దువ్వ (సన్న ఇసుక) ఉంటే చాలు.

పైపు చుట్టూ తవ్వి, ప్లగ్ పైభాగం చప్టా మట్టానికి సుమారు 6 అంగుళాల కిందికి వచ్చేలా పైపును కోయించండి. ప్లగ్ తల పైకి పొడుచుకు రాకుండా, రెంచి దూరే చదరపు గుంట లోపలికి ఉండే రకం తీసుకోండి. పైపు చుట్టూ లోపల 9 అంగుళాల చదరం ఖాళీ మిగిలేలా చిన్న గూడు కట్టించండి. చెయ్యీ రెంచీ తిరగడానికి అంత చోటు కావాలి. గూడు గోడ తన కాంక్రీటు పడక మీద తాను నిలబడాలి, పైపుకు ఎక్కడా తగలకూడదు. అడుగున పిడికిలి మందాన చిప్స్ (చిన్న కంకర) పోస్తే జారిన నీళ్ళు ఇంకిపోతాయి.

ఆ గూటి గోడల మీద ఆనేలా పన్నెండున్నర అంగుళాల చదరం కడప బండ ముక్క పెట్టండి. అంగుళం మందం చాలు. దాని మధ్యలో కంత పెట్టించి, మడిస్తే పడుకునే స్టీలు రింగు బిగించండి. బండకూ ప్లగ్‌కూ మధ్య కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి. బండ మీద పాత గోనె ముక్కో షేడ్ నెట్ ముక్కో పరిచి, అరంగుళం దువ్వ పోసి, ఇటుకలు సిమెంటు లేకుండా పేర్చండి. చుట్టూ ఉన్న ఇటుకల వరసలోనే ఇవీ కలిసిపోతాయి. తెరవాలంటే ఒక ఇటుకకు రెండు పక్కలా రెండు తాపీలు దూర్చి పైకి లేపితే వస్తుంది. మొదటిది వచ్చాక మిగతావి చేత్తోనే వస్తాయి.

నడిచే చోటికి, కుర్చీలు వేసుకునే చోటికి ఇది సరిపోతుంది. కారు ఎక్కే చోట పనికిరాదు.

ఛాంబర్ పెద్దది. దాని మీద ఇటుకలు ఎలా నిలబెట్టాలి?

దీనికి అంచులున్న పళ్ళెం లాంటి మూత దొరుకుతుంది. అంగళ్ళలో రీసెస్డ్ కవర్ అని అడగండి. నేలలో బిగించే ఫ్రేము ఒకటి, అందులో కూర్చునే తొట్టి ఒకటి ఉంటాయి. తొట్టిలో ఇటుకలు పరిస్తే పైకి సన్నటి లోహపు గీత తప్ప ఏమీ కనబడదు. ఎత్తడానికి మూలల్లో తాళంచెవి కంతలు ఉంటాయి.

కొనేముందు బరువు లెక్క వేసుకోండి. చాలామంది ఇక్కడే ఇబ్బంది పడుతున్నారు. 3 అంగుళాల మందం ఇటుకలు నిండుగా పరిస్తే 45 సెంటీమీటర్ల చదరం మూతలో ఇటుకే సుమారు 27 కిలోలు ఉంటుంది. 60 సెంటీమీటర్ల చదరానికి 48 కిలోలు దాటుతుంది. తొట్టి బరువు, కింద పోసిన గచ్చు బరువు దీనికి అదనం. అంత బరువు ఒక్కరు వంగి ఎత్తడం నడుముకు మంచిది కాదు. చివరికి ఎవరూ తెరవని మూత అవుతుంది.

రెండు మార్గాలున్నాయి. ఇటుకను అడ్డంగా కోయించి 3 సెంటీమీటర్ల పలకలుగా పరిపిస్తే 45 చదరానికి 11 కిలోలు, 60 చదరానికి 20 కిలోల లోపే అవుతుంది. పైనుంచి చూస్తే అవి పలకలని ఎవరికీ తెలియదు. కోసేటప్పుడు ఇటుక బాగా కాలిందై ఉండాలి, లేత ఇటుక గ్రైండర్ కింద పొడి అవుతుంది. లేదంటే రెండు ముక్కలుగా ఉండే మూత తీసుకోండి. 60 చదరం ఛాంబర్ అయితే రెండూ చేయడమే మా సలహా.

ఫ్రేమును ఛాంబర్ గోడ మీద కాంక్రీటుతో గట్టిగా కూర్చోబెట్టాలి. చుట్టూ ఉన్న ఇటుకల మీద ఆధారపడితే అవి కదిలినప్పుడు ఫ్రేము వంకర తిరుగుతుంది, తొట్టి ఇరుక్కుపోతుంది.

ఇటుకల వరసలు మూతతో కలవడం లేదు, అంచుల్లో సన్న ముక్కలు పడుతున్నాయి. ఏం చేయాలి?

దీనికి జవాబు ఇటుక కొలతలోనే ఉంది. మన బట్టీ ఇటుక మామూలుగా 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు. 18 అంగుళాల మూతలో పొడవుగా రెండు ఇటుకలు, వెడల్పుగా నాలుగు ఇటుకలు చక్కగా పడతాయి, ఒక్కటి కూడా కోయక్కర్లేదు. 27 అంగుళాలైనా అంతే, మూడూ ఆరూ. 24 అంగుళాల మూత తీసుకుంటే ఏ వైపు చూసినా ముక్కే మిగులుతుంది. అంగట్లో 24 ఎక్కువగా దొరుకుతుంది కాబట్టి అదే తెచ్చేస్తారు, తర్వాత బేల్దారి మేస్త్రి గ్రైండర్ పట్టుకుని తంటాలు పడతాడు. బట్టీని బట్టి ఇటుక కొలత కొంచెం అటూ ఇటూ అవుతుంది. అందుకని మీ లోడులోంచి నాలుగైదు ఇటుకలు పక్కపక్కన పెట్టి, సందులతో సహా కొలిచి, ఆ తర్వాతే మూత కొనండి.

ఇంకో ముఖ్యమైన సంగతి: పరచడం గేటు దగ్గర మొదలుపెట్టి మూత దగ్గరికి రావద్దు. మూత ఫ్రేము ముందే బిగించి, దాని అంచు నుంచి వరసలు నలువైపులా సాగదీయండి. ముక్కలు పడేదేదో కాంపౌండు గోడ వార పడుతుంది, అక్కడ పూలకుండీలు వస్తాయి, ఎవరూ చూడరు. ఫ్రేమును ఇంటి గోడకు సమాంతరంగా తిప్పి పెట్టడం మర్చిపోవద్దు. ఛాంబర్ వంకరగా ఉందని ఫ్రేమూ వంకరగా పెడితే మీరు దాచినదే అందరి కళ్ళకూ ముందు కనబడుతుంది. ఛాంబర్ గోడ మీద కాంక్రీటు పట్టీ పోసి, దాని మీద ఫ్రేమును తిన్నగా తిప్పుకోవచ్చు.

డిజైన్ల విషయానికొస్తే, రెండు ఇటుకలు నిలువు, రెండు అడ్డం వచ్చే చాప అల్లిక 18 అంగుళాల మూతకు అతికినట్టు సరిపోతుంది. చేపముల్లు డిజైన్ కావాలంటే అంచులన్నీ కోయాల్సిందే. మంచి కటింగు మేస్త్రి దొరికితేనే దాని జోలికి వెళ్ళండి.

తొట్టిలో ఇటుకలకు సిమెంటు వేయవచ్చా?

తొట్టి లోపల వేయవచ్చు, వేయాలి కూడా. ఇటుకలన్నీ తొట్టితో ఒకే ముక్కగా పైకి లేవాలి. సిమెంటు పడకూడనిది ఫ్రేముకూ తొట్టికీ మధ్య సందులో. పని చివర్లో చప్టా అంతా సిమెంటు పాలు పోసి చీపురుతో తోసే అలవాటు మన మేస్త్రీలకు ఉంది. ఆ పాలు సందులోకి దిగి గట్టిపడితే మీరు పెట్టిన డబ్బంతా వృథా. పరచడం మొదలయ్యే ముందే ఆ సందు నిండా గ్రీజు పూసి, పైన టేపు అంటించి ఉంచండి, పని అయ్యాక టేపు తీసేయండి. గ్రీజు ఉంటే వాసన కూడా ఆగుతుంది, ఇసుక లోపలికి దిగదు.

కారు ఎక్కుతుంది. మూత తట్టుకుంటుందా?

మూత మీద రాసిన గ్రేడు చూడండి. కాంక్రీటు మూతలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 12592 ప్రకారం ఎల్‌డీ (లైట్ డ్యూటీ) 2.5, ఎండీ (మీడియం డ్యూటీ) 10, హెచ్‌డీ (హెవీ డ్యూటీ) 20, ఈహెచ్‌డీ (ఎక్స్‌ట్రా హెవీ డ్యూటీ) 35 అని నాలుగు గ్రేడులు ఉన్నాయి. ఆ అంకెలు టన్నుల్లో. మనుషులు తిరిగే పెరటికి ఎల్‌డీ చాలు. రోజూ కారు ఎక్కి దిగే చోట ఎండీ తీసుకోండి. నీళ్ళ ట్యాంకరు, ఇసుక ట్రాక్టరు లోపలికి వచ్చే ఇల్లయితే చక్రం పోయే దారిలో మూత లేకుండా చూసుకోవడమే మేలు. కారు చక్రాల మధ్య పడేలా పార్కింగును రెండడుగులు జరిపినా సమస్య తీరుతుంది.

సముద్రానికి దగ్గరలో ఉన్నాం. ఏ మూత నిలుస్తుంది?

మైపాడు, కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు ఉప్పుగాలికి మామూలు ఇనుప ఫ్రేము తొందరగా పొరలు లేస్తుంది. తుప్పు ఉబ్బి తొట్టిని ఫ్రేములో బిగించేస్తుంది, అప్పుడు సుత్తితో కొట్టాల్సిందే. స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకుంటే 316 రకం అడగండి. 202 చవగ్గా వస్తుంది గాని ఉప్పుగాలికి మరకలు పట్టి తుప్పు పడుతుంది. ఫైబర్ మూతకు తుప్పు భయం లేదు, తేలిక కూడా. పాత ఇనుముగా అమ్ముకోవడానికి పనికిరాదు కాబట్టి దొంగల కన్నూ పడదు. గేటు బయటి వైపు మూతకైతే ఫైబరే మంచిది.

మాది రేగడి నేల. చప్టా పైకి లేస్తుంది, కుంగుతుంది. మూత సంగతేంటి?

ప్రకాశం జిల్లాలో చాలాచోట్ల ఇదే బాధ. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారి కుంచించుకుంటుంది. లోతుగా కట్టిన ఛాంబర్ పెద్దగా కదలదు, పైనున్న చప్టా కదులుతుంది. రెంటినీ సిమెంటుతో కలిపేస్తే ఫ్రేము చుట్టూ పగులు ఖాయం.

చప్టా కింద కనీసం అడుగు లోతు రేగడి తీసేసి గ్రావెల్ నింపి, తడిపి, దిమ్మిస చేయించండి. ఫ్రేము కాంక్రీటు పట్టీకి, మొదటి వరస ఇటుకకు మధ్య అరంగుళం సందు వదిలి దువ్వతో నింపండి. ఏడాదికోసారి ఆ సందులో దువ్వ కూరుకుంటే సరి. ఇసుక నేలలో సమస్య వేరు, దువ్వ కాస్త సందు దొరికితే ఛాంబర్‌లోకి జారిపోతుంది. అక్కడ ఛాంబర్ గోడను బయటివైపు కూడా పూత పూయించడం తప్పనిసరి.

వానాకాలం మూత సందుల్లోంచి నీళ్ళు లోపలికి పోతాయేమో?

ఈ ప్రశ్న మన వైపు వాళ్ళు తప్పక అడగాల్సింది. నెల్లూరుకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. వాయుగుండం పట్టిందంటే రోజుల తరబడి వదలదు. 2015 నవంబరులోనూ, 2021 నవంబరులోనూ ఏం జరిగిందో ఇక్కడి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. 2021లో పెన్నా పొంగి కోవూరు పరిసరాల్లో నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చాయి.

మూతను చప్టా మట్టం కన్నా నాలుగైదు మిల్లీమీటర్లు పైకి ఉంచండి. కాలికి తగలదు, నీళ్ళు మాత్రం పక్కకు జారుతాయి. చప్టా వాలు మూత నుంచి బయటికి ఉండాలి, అయిదడుగులకు ఒక అంగుళం చొప్పున. మూత దగ్గర పల్లం పడిందంటే పెరటి నీళ్ళన్నీ మురుగు లైనులోకే దిగుతాయి.

వాన బాగా పట్టినప్పుడు పెరట్లో నిలిచిన నీళ్ళు పోవడానికి ఛాంబర్ మూత తీసి అందులోకి వదిలేస్తారు కొందరు. దయచేసి ఆ పని చేయవద్దు. ఆ నీళ్ళు సెప్టిక్ ట్యాంకును నింపుతాయి, అడుగున పేరుకున్న మడ్డిని లేపి ఇంకుడు గుంతలోకి తోస్తాయి. ఇంకుడు గుంత ఒకసారి మడ్డితో పూడిందంటే మళ్ళీ పనిచేయించడం చాలా కష్టం. వీధి డ్రైనేజీకి కలిపిన ఇళ్ళల్లో వీధి లైను నిండి మీ మురుగే మీ బాత్రూంలోకి వస్తుంది. వాన నీటికి వేరే దారి ఉండాలి, అది కూడా ఇటుకలు పరిచే ముందే ఆలోచించాలి.

పల్లపు వీధుల్లో ఉన్నవాళ్ళు ఆఖరి ఛాంబర్ దగ్గర నాన్ రిటర్న్ వాల్వు పెట్టించుకుంటున్నారు. వీధి నీళ్ళు వెనక్కి రాకుండా తలుపులా మూసుకుంటుంది. దాని రెక్కలో జుట్టో గుడ్డపేలికో ఇరుక్కుంటే పనిచేయదు కాబట్టి, దాని మీది మూత అన్నిటికన్నా సులువుగా తెరుచుకోవాలి. దాన్ని మాత్రం ఇటుక కింద పెట్టకుండా మామూలు మూతతో వదిలేయండి.

వాసన, దోమలు రావా?

క్లీనౌట్ అయితే ప్లగ్ బిగుతుగా ఉన్నంత వరకు రావు. ఛాంబర్‌కు పైన చెప్పిన గ్రీజు, లేదా ఫ్రేము అంచున రబ్బరు బీడింగు సరిపోతుంది. అయినా వాసన వస్తుంటే మూత మీద తప్పు వెతక్కండి. డాబా పైకి వెళ్ళి వెంటు పైపు (లైనులోని గాలి బయటికి పోయే గొట్టం) చూడండి. అది విరిగిపోయో, పక్షి గూడుతో మూసుకుపోయో ఉంటే లోపలి గాలి కింద ఏ సందు దొరికితే ఆ సందులోంచి వస్తుంది. వెంటు చివర దోమతెర గుడ్డ కట్టి ఉంచాలి.

మూత సరిగ్గా వాకిట్లో ముగ్గు వేసే చోట ఉంది. రోజూ కల్లాపి చల్లుతాం.

రోజూ నీళ్ళు పడే చోట ఇటుకల సందుల్లో దువ్వ నిలవదు. అక్కడ దువ్వకు బదులు రాతి పొడి వాడండి, అది గట్టిగా కూరుకుంటుంది. తొట్టి మూత అయితే అసలు బాధే లేదు, లోపల సిమెంటు ఉంటుంది కదా. ఎత్తే కంతలకు వచ్చే చిన్న మూతలు పోగొట్టుకోకండి. అవి లేకపోతే ముగ్గుపిండి, మట్టి కలిసి ఆ కంతల్లో గట్టిపడతాయి. కంతలను అప్పుడప్పుడు మేకుతో గీకి ఒక చుక్క నూనె వేస్తే చాలు.

చాప అల్లికలో పరిచిన 18 అంగుళాల చదరాన్ని ముగ్గుకు నడిమి గడిగా వాడుకుంటున్న ఇళ్ళున్నాయి. మూత ఎక్కడుందో ఇంట్లో అందరికీ గుర్తుండటానికి అంతకన్నా మంచి పద్ధతి మాకు తోచలేదు.

దాని మీద తులసి కోట కట్టొచ్చా? పూలకుండీ?

కట్టడం ఏదైనా సరే, వద్దు. తులసి కోట కట్టాక దాన్ని కదపడానికి ఎవరికీ మనసొప్పదు, పైగా మురుగు లైను మీద తులసిని నిలపడం మీకే తర్వాత బాధ అనిపిస్తుంది. ఇద్దరు ఎత్తగలిగే కుండీ పెట్టుకోవచ్చు. దగ్గరలో వేప, రావి మొలిస్తే పెరగనివ్వకండి. స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) గొట్టాలున్న పాత ఇళ్ళల్లో అతుకుల సందుల్లోంచి వేళ్ళు దూరి లైను నింపేస్తాయి.

వాస్తు ప్రకారం ఈశాన్యంలో మూత ఉండకూడదంటున్నారు.

కొత్తగా కడుతున్నవాళ్ళు ప్లాను దశలోనే లైనును అటు పోకుండా తిప్పించుకోవచ్చు. సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో పెట్టించుకునే వాళ్ళే ఎక్కువ కాబట్టి అది కష్టం కాదు. ఇప్పటికే ఉన్న మూతను వాస్తు కోసం పూడ్చేయడం మాత్రం పరిష్కారం కాదు, లైను కిందే ఉంటుంది. నిజంగా మార్చాలంటే లైనునే మార్చాలి. అప్పుడు మలుపు ఉన్న ప్రతి చోటా, రెండు లైన్లు కలిసే చోటా క్లీనౌట్ పెట్టించండి. 4 అంగుళాల పైపుకు 40 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉంటే మంచిది, చోటు లేకపోతే 60 అడుగులకు ఒక అడుగైనా దక్కాలి. 'టీ' కన్నా 'వై' మేలు. లైను శుభ్రం చేసే స్ప్రింగ్ 'వై'లోంచి దూర్చినప్పుడు నీళ్ళు పోయే వైపే సాగుతుంది.

పాత ఇల్లు కొన్నాం. క్లీనౌట్ ఇటుకల కింద ఎక్కడో ఉంది. ఎలా కనిపెట్టాలి?

ముందు తవ్వకండి. లెట్రిన్ గోడ బయటి వైపు నిలబడి, పైపు ఎక్కడ నేలలోకి దిగుతుందో చూడండి. అక్కడి నుంచి సెప్టిక్ ట్యాంకు వైపో వీధి వైపో ఒక దారం లాగండి. లైను చాలావరకు ఆ దారం వెంటే ఉంటుంది, మలుపుల దగ్గరే ఛాంబర్లు ఉంటాయి. ఆ వరసలో ఇటుకల మీద గడ్డపార మొనతో మెల్లగా తట్టుతూ వెళ్ళండి, డొల్ల చప్పుడు వచ్చిన చోట సున్నంతో గుర్తు పెట్టండి. వేసవిలో కూడా గడ్డి పచ్చగా ఉండే చోటు, చప్టా కొంచెం కుంగిన చోటు అనుమానించాలి. అప్పటికీ దొరక్కపోతే పైపులో కెమెరా పంపించే వాళ్ళను పిలవండి. దువ్వలో పరిచిన ఇటుకలైతే అనుమానం ఉన్న చోట నాలుగు తీసి చూడటం కూడా సులువే. దొరికిన రోజే దాన్ని పైన చెప్పిన పద్ధతిలోకి మార్పించేయండి, మళ్ళీ పూడ్చకండి.

సెప్టిక్ ట్యాంకు మూతను కూడా ఇలాగే దాచొచ్చా?

తొట్టి మూతతో దాచొచ్చు. అయితే ఇది ప్రాణాలతో కూడిన విషయం కనుక కొన్ని జాగ్రత్తలు. ట్యాంకులో మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి గాలులు చేరతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువగా ఉంటే వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది, కాబట్టి వాసన లేదని ధైర్యం చేయకూడదు. మూత తీశాక కొంతసేపు దూరంగా ఉండాలి, తల లోపలికి వంచకూడదు, దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వెలిగించకూడదు, పిల్లల్ని ఆ ఛాయలకు రానివ్వకూడదు. మూత పిల్లవాడి కాలికి ఊగిసలాడినా సరే ఆ రోజే సరిచేయించాలి.

మనిషిని లోపలికి దింపవద్దు, ఎంత బతిమాలినా, ఎంత తక్కువకు వచ్చినా. రక్షణ పరికరాలు లేకుండా దింపడం 2013లో వచ్చిన మాన్యువల్ స్కావెంజర్ల నియామక నిషేధ, పునరావాస చట్టం కింద నేరం. మిషను లారీ వాళ్ళకు గొట్టం దూర్చడానికి చోటుంటే చాలు. అందుకే ట్యాంకు మూత నుంచి గేటు దాకా గొట్టం లాగడానికి దారి అడ్డం లేకుండా చూసుకోండి. రెండు మూడేళ్ళకోసారి మడ్డి తీయించాలి.

ఎక్కడుందో గుర్తుండాలంటే?

ఇంటికి కదలని రెండు మూలలు ఎంచుకుని, వాటి నుంచి మూత నడిమికి టేపుతో కొలవండి. ఆ రెండు కొలతలు కాగితం మీద బొమ్మ గీసి రాసి, కరెంటు మీటరు పెట్టె తలుపు లోపలివైపు అంటించండి. ఇటుకలు పరిచే ముందు, టేపు కనబడేలా ఫోటోలు తీసి ఇంట్లో ఇద్దరు ముగ్గురి ఫోన్లలో ఉంచండి. మూత ఎత్తే తాళంచెవి కూడా అదే మీటరు పెట్టెలో వేలాడదీయండి. అద్దెకిచ్చిన ఇల్లయితే దిగిన రోజే వాళ్ళకు చూపించండి. గుర్తుగా ఒక ఇటుకకు బదులు చీమకుర్తి నల్ల గ్రానైటు ముక్క పొదిగించుకోవచ్చు, అందంగానూ ఉంటుంది.

ఎన్నాళ్ళకోసారి తెరవాలి? ప్లగ్ బిగుసుకుపోతే?

ఏడాదికి రెండుసార్లు: వానలకు ముందు సెప్టెంబరులో ఒకసారి, సంక్రాంతి శుభ్రాలప్పుడు ఒకసారి. ప్లగ్ తిప్పి తీసి, మరలు గుడ్డతో తుడిచి, వాసెలిన్ గాని గ్రీజు గాని పూసి, చేతి బిగువు కన్నా పావు చుట్టు మాత్రమే ఎక్కువ బిగించండి. తీసేటప్పుడు ముఖం దూరంగా ఉంచి మెల్లగా తిప్పాలి. లైను మూసుకుపోయి ఉంటే వెనక నిలిచిన మురుగు ఒక్కసారిగా పైకి తంతుంది.

బిగుసుకుపోయిన ప్లగ్‌కు పైపు రెంచీతో బలం చూపిస్తే కింది 'వై' మెలి తిరిగి అతుకు వదులుతుంది. పైపును రెండో రెంచీతో కదలకుండా పట్టుకుని తిప్పండి. పీవీసీ ప్లగ్ అయితే చుట్టూ వేడినీళ్ళ గుడ్డ కొద్దిసేపు చుట్టి ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే ప్లగ్ నడిమిని కోసి ముక్కలుగా తీసేసి కొత్తది పెట్టుకోవాలి. సొల్యూషన్ పూసి అతికించిన మూతలు కూడా కొన్ని ఇళ్ళల్లో కనబడుతున్నాయి. మీ ఇంట్లో అలా ఉంటే దాన్ని కోయించి, మరలున్న ఫిట్టింగు వేయించాకే ఇటుకల పని మొదలుపెట్టించండి.